ఓటర్లు గంజాయిని చట్టబద్ధం చేసిన రాష్ట్రంలో ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఆ చట్టం వర్తిస్తుందా?

ఒహాయో రాజధాని కొలంబస్‌లో ఓపీటీ (చదువు తరువాత ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తూ, హెచ్-1బీ లాటరీలో పేరు వచ్చిన ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "2023 నవంబరులో ఒహాయో ప్రజలే ఓటు వేసి గంజాయిని చట్టబద్ధం చేశారు. మా రూమ్మేట్లు డిస్పెన్సరీలో (లైసెన్సు ఉన్న గంజాయి దుకాణంలో) బిల్లు తీసుకుని మరీ గమ్మీలు (గంజాయి కలిపిన మిఠాయిలు) కొంటున్నారు. ప్రజలే ఓటేసి తెచ్చుకున్న చట్టాన్ని ఇంకెవరైనా మార్చగలరా? అది నాలాంటి వీసా వాళ్ళకు కూడా వర్తిస్తుందా? స్టాంపింగుకు (పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకోవడానికి) హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఇబ్బంది ఉంటుందా?"

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఒహాయో పోలీసుల దగ్గర ఆ చట్టం మీకు రక్షణ ఇస్తుంది. కాన్సులేట్ అధికారి దగ్గర, విమానాశ్రయంలోని సరిహద్దు అధికారి దగ్గర, గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో ఆ రక్షణ లేదు. కాబట్టి అమెరికా పౌరసత్వం చేతికి వచ్చేదాకా కొనవద్దు, తినవద్దు, దగ్గర ఉంచుకోవద్దు, ఆ వ్యాపారంలో పని చేయవద్దు. ఇక మార్చగలరా అన్నదానికి, మార్చగలరు. ఒహాయోలో ఇప్పటికే మార్చారు.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఒహాయోలో ఇమిగ్రేషన్ కేసులు చూస్తున్న న్యాయవాదిని. పౌరసత్వం వచ్చాక 2015లోనూ 2023లోనూ ఇదే విషయం మీద ఓటు కూడా వేశాను. కాబట్టి ఆ ఓటు వెనుక ఏముందో, అది మనవాళ్ళ ఫైళ్ళలోకి ఎలా వచ్చి పడుతుందో రెండూ దగ్గరగా చూసినవాడిగా రాస్తున్నాను. ఇది అందరికీ పనికొచ్చే వివరణ మాత్రమే. మీ సొంత కేసు సంగతి మీ న్యాయవాదితో కూర్చుని మాట్లాడుకోవలసిందే.

ఒకే నేల మీద రెండు చట్టాలు

అమెరికాలో ప్రతి మనిషీ ఏకకాలంలో రెండు ప్రభుత్వాల చట్టాల కింద ఉంటాడు. గంజాయి దగ్గర ఉంటే శిక్షించే చట్టం ఒహాయోకు ఒకటి ఉండేది, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానికి మరొకటి ఉంది. 2023లో ఓటర్లు తీసివేసింది మొదటిదాన్ని. రెండోది 1970లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చేసిన నియంత్రిత పదార్థాల చట్టం. దాని మీద చేయి వేసే అధికారం ఏ రాష్ట్ర ఓటర్లకూ లేదు. వందకు వంద శాతం ఓట్లు పడినా లేదు.

దీన్ని నాకన్నా స్పష్టంగా చెప్పే ఉదంతం ఒకటుంది. కాలిఫోర్నియా ఓటర్లు 1996లో ప్రాపోజిషన్ 215 అనే ప్రజా ప్రతిపాదన ద్వారా వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించారు. డయాన్ మన్సన్ అనే మహిళ తీవ్రమైన వెన్ను నొప్పికి, వైద్యుడి సిఫార్సుతో ఇంట్లోనే ఆరు మొక్కలు పెంచుకునేవారు. 2002 ఆగస్టులో కౌంటీ అధికారులు, ఫెడరల్ మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ ఏజెంట్లు కలిసి ఆమె ఇంటికి వచ్చారు. కౌంటీ అధికారులు చూసి, రాష్ట్ర చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదని తేల్చారు. ఏజెంట్లు ఒప్పుకోలేదు. మూడు గంటలపాటు రెండు పక్షాల మధ్య వాదన నడిచి, చివరికి ఏజెంట్లు ఆరు మొక్కలనూ పీకి నాశనం చేశారు. ఆమె, ఏంజెల్ రైచ్ అనే మరో రోగి కలిసి వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అమ్మకానికి కాకుండా సొంతానికి పెంచుకున్న మొక్కను కూడా నిషేధించే అధికారం ఫెడరల్ ప్రభుత్వానికి ఉందని 2005లో 6-3 మెజారిటీతో తీర్పు వచ్చింది. ఒహాయోలో 2023 చట్టం 21 ఏళ్ళు నిండిన మనిషికి అనుమతించినది కూడా సరిగ్గా ఆరు మొక్కలే. ఆ తీర్పు ఈనాటికీ చెల్లుతుంది.

మరి వీధికొక దుకాణం ఎలా నడుస్తోందని మీరు అడగవచ్చు. ఫెడరల్ చట్టాన్ని అమలు చేయమని రాష్ట్ర పోలీసులను ఆదేశించే అధికారం వాషింగ్టన్‌కు లేదు. ఇంటింటికీ తిరిగి పట్టుకునేంతమంది ఫెడరల్ ఏజెంట్లూ లేరు, ఆ ఉద్దేశమూ లేదు. అందువల్ల ఆచరణలో పౌరుడి జోలికి ఎవరూ రారు. అయితే వీసా ఇవ్వడం, సరిహద్దు దాటనివ్వడం, గ్రీన్ కార్డ్, పౌరసత్వం, ఇవన్నీ పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వం చేతిలోని పనులు. మీ రూమ్మేట్ ఇక్కడ పుట్టిన పౌరుడైతే అతనికి జీవితంలో ఒక్కసారి కూడా ఎదురుకాని అధికారి, మీకు ప్రతి మూడేళ్ళకూ ఎదురవుతాడు. ఒకే గమ్మీ ఇద్దరికీ ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

ఒహాయోలో ఆ ఓటు ఎలా జరిగింది

మనం భారతదేశంలో ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి ఓటు వేస్తాం. చట్టం మీద నేరుగా ఓటు వేయం. అందుకే "ప్రజలు చట్టం చేశారు" అన్న మాట మనవాళ్ళకు తిరుగులేనిదిగా వినిపిస్తుంది. ఆ మాట వెనుక ఉన్న యంత్రాంగం తెలిస్తే అంత ధీమా ఉండదు.

ఒహాయో ప్రజలకు ఈ హక్కు 1912 నుంచి ఉంది. ఒక బృందం చట్టం ముసాయిదా రాసుకుని, వెయ్యి సంతకాలతో సారాంశాన్ని అటార్నీ జనరల్‌కు ఇస్తుంది. ఆయన ఆమోదించాక, అంతకు ముందరి గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 3 శాతానికి సమానమైన సంతకాలు సేకరించాలి. అవి 88 కౌంటీల్లో కనీసం 44 కౌంటీల నుంచి రావాలి. అప్పుడు ఆ ముసాయిదా శాసనసభకు వెళుతుంది. సభకు నాలుగు నెలల గడువు ఉంటుంది. సభ కదలకపోతే మరో 3 శాతం సంతకాలు తెచ్చి బ్యాలెట్‌కు ఎక్కించాలి.

2015లో వచ్చిన మొదటి ప్రయత్నం ఈ దారిలో రాలేదు. అది నేరుగా రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ. గంజాయిని టోకున పండించే హక్కు రాష్ట్రం మొత్తం మీద పది స్థలాలకే ఉంటుందని, ఆ స్థలాలు ఏవో కూడా సవరణలోనే రాశారు. ఆ స్థలాల వెనుక ఉన్న పెట్టుబడిదారులే ప్రచారానికి డబ్బు పెట్టారు. వారిలో గాయకుడు నిక్ లాషే కూడా ఉన్నారు. రాజ్యాంగాన్ని ఇలా కొద్దిమంది గుత్తాధిపత్యానికి వాడుకోకూడదంటూ శాసనసభ అదే బ్యాలెట్‌లో వేరొక సవరణను పెట్టింది. నేను ఆ రోజు గుత్తాధిపత్య వ్యతిరేక సవరణకు అవునని, గంజాయి సవరణకు కాదని ఓటు వేశాను. గంజాయి వద్దని కాదు. పది స్థలాల జాబితాను రాజ్యాంగంలోకి ఎక్కించడం నాకు సహించలేదు. సుమారు 64 శాతం మంది కాదన్నారు. గంజాయిని సమర్థించే నా మిత్రులు కూడా కొందరు అందులో ఉన్నారు. ఇలాంటి ఓటులో "గంజాయి కావాలా వద్దా" అన్నది సగం ప్రశ్న. "ఈ కాగితం మీద రాసిన పద్ధతిలో కావాలా" అన్నది మిగతా సగం.

2023 నాటి ప్రతిపాదన (బ్యాలెట్ మీద దాని పేరు ఇష్యూ 2) మామూలు చట్టంగా వచ్చింది. రెండో విడత సంతకాలు లెక్కపెట్టినప్పుడు 679 తక్కువ పడ్డాయి. లక్షకు పైగా సంతకాల్లో 679! చట్టం ఇచ్చే పదిరోజుల అదనపు గడువులో ఆ లోటు పూడ్చి బ్యాలెట్‌కు ఎక్కించారు. నవంబరు 7న సుమారు 57 శాతం మంది అవునన్నారు. 21 ఏళ్ళు నిండినవారు రెండున్నర ఔన్సుల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. ఇంట్లో మనిషికి ఆరు మొక్కలు, ఇంటికి పన్నెండు మించకుండా పెంచుకోవచ్చు. అమ్మకం మీద 10 శాతం ప్రత్యేక పన్ను. పక్కనే ఉన్న మిషిగన్‌లో 2018 ఓటుతోనే గంజాయి చట్టబద్ధమైంది. మనవాళ్ళ డబ్బు, పన్ను ఆ రాష్ట్రానికి పోతున్నాయన్న వాదన ఇక్కడ చాలామందిని కదిలించింది. దుకాణాల్లో పెద్దవాళ్ళకు అమ్మకాలు మాత్రం 2024 ఆగస్టు 6 దాకా మొదలుకాలేదు.

ప్రజల ఓటును ఎవరు మార్చగలరు

ఇది ఆ ఓటు ఏ రూపంలో పడిందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కొలరాడో 2012లో 64వ సవరణగా తెచ్చింది, మిస్సోరి 2022లో 3వ సవరణగా తెచ్చింది. అవి రాజ్యాంగంలో ఉన్నాయి కాబట్టి శాసనసభకు వాటిని ముట్టుకునే వీలు లేదు, మళ్ళీ ప్రజల దగ్గరికే వెళ్ళాలి. ఒహాయోది మామూలు చట్టం. శాసనసభ దాన్ని సాధారణ మెజారిటీతో మార్చవచ్చు, కావాలంటే రద్దు చేయవచ్చు. ఈ ముప్పు ఊహ కాదు: 2023 డిసెంబరు 7న చట్టం అమల్లోకి రావలసి ఉండగా, దానికి ముందురోజే శాసనసభలోని ఎగువ సభ సెనేట్ పెద్ద మార్పులతో బిల్లు ఆమోదించింది. దిగువ సభ హౌస్ దాన్ని చేపట్టకపోవడంతో ఆగింది. తరువాత 2025 చివరలో సెనేట్ బిల్లు 56 రెండు సభల్లోనూ గట్టెక్కింది, గవర్నర్ మైక్ డివైన్ సంతకం చేశారు. ఇతర రాష్ట్రంలో కొన్న సరుకును దగ్గర ఉంచుకోవడం వంటివి దాని ద్వారా మళ్ళీ నేరాల జాబితాలోకి వచ్చాయి. మీ రూమ్మేట్లు మిషిగన్ వెళ్ళి చవకగా కొనుక్కొస్తున్నట్లయితే ఈ సంగతి వాళ్ళకు చెప్పండి. రాష్ట్ర సరిహద్దు దాటించడం ఫెడరల్ చట్టం ప్రకారం ఎప్పుడూ నేరమే.

అరిజోనా వారు ఈ పాఠం ముందే నేర్చుకున్నారు. అక్కడి ఓటర్లు 1996లో వైద్య గంజాయికి అనుకూలంగా ఓటేస్తే, మరుసటి సంవత్సరమే శాసనసభ దాన్ని నీరుగార్చింది. కోపం వచ్చిన ఓటర్లు 1998లో మరో ప్రతిపాదన నెగ్గించారు: ప్రజలు ఓటేసి చేసిన చట్టాన్ని సభ రద్దు చేయకూడదు, సవరించాలన్నా నాలుగింట మూడు వంతుల మెజారిటీ ఉండాలి, ఆ సవరణ కూడా మూల ఉద్దేశాన్ని ముందుకు తీసుకువెళ్ళేదిగా ఉండాలి. 2020లో దాదాపు 60 శాతంతో నెగ్గిన వాళ్ళ ప్రాపోజిషన్ 207కు ఆ కవచం ఉంది. ఒహాయో చట్టానికి లేదు.

కోర్టులూ కొట్టివేయగలవు. 1898లో దేశంలో అన్నిటికన్నా ముందు ఈ హక్కును తెచ్చుకున్న రాష్ట్రం సౌత్ డకోటా. అక్కడే 2020లో 54 శాతం ఓట్లతో నెగ్గిన గంజాయి సవరణను, ఒకటికి మించిన అంశాలు అందులో ఉన్నాయన్న కారణంతో రాష్ట్ర సుప్రీంకోర్టు 2021 నవంబరులో చెల్లదన్నది. 2022లోనూ, 2024లోనూ మళ్ళీ ఓటుకు పెడితే ఓడిపోయింది. మిసిసిప్పీలో జరిగింది ఇంకా బాధాకరం. అయిదు కాంగ్రెస్ జిల్లాల (మన లోక్‌సభ నియోజకవర్గాల వంటివి) నుంచి సంతకాలు రావాలని అక్కడి రాజ్యాంగంలో రాసి ఉంది. జనాభా లెక్కల తరువాత రాష్ట్రానికి నాలుగు జిల్లాలే మిగిలాయి, ఆ వాక్యాన్ని ఎవరూ సరిదిద్దలేదు. 2020లో వైద్య గంజాయికి భారీ మెజారిటీతో పడిన ఓటును ఆ ఒక్క అంకె ఆధారంగా 2021 మేలో కోర్టు కొట్టివేసింది. దాంతో పాటు రాష్ట్రంలో ప్రజా ప్రతిపాదనల పద్ధతే ఆగిపోయింది.

ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి. 2024 నవంబరులో గంజాయి సవరణకు దాదాపు 56 శాతం వచ్చి కూడా ఓడిపోయింది. టెక్సస్‌లో ఉన్న మీ మిత్రులు "మా దగ్గర ఎప్పుడు ఓటు పెడతారు" అని అడిగితే, అక్కడ రాష్ట్రస్థాయిలో ప్రజలు ప్రతిపాదన తెచ్చే పద్ధతే లేదు, శాసనసభ పూనుకుంటే తప్ప జరగదు. వినోదానికి గంజాయిని అనుమతించిన 24 రాష్ట్రాల్లో 15 ప్రజల ఓటుతో వచ్చాయి, మిగతా తొమ్మిదింటిలో శాసనసభలే చట్టం చేశాయి. మీ వీసా దృష్టిలో ఆ రెంటికీ తేడా ఏమీ లేదు.

సంతకం అడిగితే పెట్టవద్దు

మీరు అడగని విషయం ఇది. కానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన కేసుల్లో నన్ను నిద్రపోనివ్వనివి ఇవే. సంతకాలు సేకరించేవారు కిరాణా దుకాణాల ముందు, లైబ్రరీల దగ్గర, యూనివర్సిటీ మెట్ల మీద క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడతారు. ఒక గ్రీన్ కార్డ్ ఉన్న పెద్దాయన, ఇండియన్ స్టోరు నుంచి కూరగాయల సంచులతో బయటికి వస్తూ, ఆ కుర్రవాడు మర్యాదగా అడిగాడు కదా అని సంతకం పెట్టి చిరునామా రాశారు. ఆ కాగితం మీద సంతకం చేసేవాడు తాను నమోదైన ఓటరునని చెప్పుకుంటున్నట్టే లెక్క. ఆయన పౌరసత్వ దరఖాస్తు సమయంలో ఈ మాట నాతో యథాలాపంగా అన్నారు. దాన్ని సరిగ్గా వివరిస్తూ పత్రాలు తయారు చేయడానికి మాకు నెలలు పట్టింది.

పౌరులు కానివారు పిటిషన్ మీద సంతకం పెట్టకూడదు, ఓటరుగా నమోదు కాకూడదు, బ్యాలెట్ మీద ఉన్నది మనిషి కాకుండా ఒక ప్రతిపాదనే అయినా ఓటు వేయకూడదు. అర్హత లేకుండా ఓటు వేయడం దేశం నుంచి పంపివేయడానికి తగిన కారణం. తాను పౌరుడినని చెప్పుకోవడం అంతకన్నా ప్రమాదం. దానికి మినహాయింపులు దాదాపు లేవు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో కౌంటర్ వెనుక ఉన్నవారు ఓటరు నమోదు ఫారం ఇస్తే, తెలియక ఇచ్చారని గ్రహించి తిరిగి ఇచ్చేయండి.

గంజాయి మీ ఫైలులోకి ఎలా వస్తుంది

మనవాళ్ళు చాలామంది "నన్ను ఎవరూ అరెస్టు చేయలేదు, కేసు లేదు, ఇక భయమేమిటి" అంటారు. ఇమిగ్రేషన్ చట్టంలో అరెస్టు, శిక్ష లేకపోయినా సరిపోతుంది. నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించానని మీరే ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలు ఆధారంగా దేశంలోకి రానివ్వకుండా ఆపవచ్చు. ఆ ఒప్పుకోలు చెల్లడానికి అధికారి నేరం అంటే ఏమిటో ముందు వివరించాలి వంటి నియమాలు ఉన్నాయి. పద్నాలుగు గంటల ప్రయాణం చేసి, పక్క గదిలో కూర్చోబెట్టినప్పుడు, ఆ నియమాలు గుర్తుండేది ఎవరికి?

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. వివరాలు కొంచెం మార్చాను. సెలవులకు వెళ్ళి తిరిగి వస్తూ విమానాశ్రయంలో ఆగిపోయాడు. అధికారి ఫోన్ అడిగి చూశాడు. అందులో ఒక ఫోటో ఉంది: మిత్రులతో కలిసి డిస్పెన్సరీ బోర్డు కింద, చేతిలో చిన్న తెల్ల కాగితపు సంచి. "ఇది నీదేనా" అన్నాడు అధికారి. "అవును, కానీ మా రాష్ట్రంలో చట్టబద్ధమే. ప్రజలు ఓటేశారు" అన్నాడు కుర్రవాడు. తనను కాపాడుతుందనుకున్న ఆ వాక్యమే ఒప్పుకోలుగా టైపు అయింది. నా చేతికి ఆ పత్రం వచ్చేటప్పటికి ప్రశ్నలు, జవాబులు వరుసగా ఉన్నాయి, ప్రతి పేజీ అడుగున అతని పొడి అక్షరాల సంతకం ఉంది. అతను అబద్ధం చెప్పలేదు. తప్పు చేస్తున్నానన్న ఊహ కూడా అతనికి లేదు. అందుకే ఆ కాగితాలు చదువుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

మీ స్టాంపింగుకు నింపే డీఎస్-160 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా ఉంటుంది: నియంత్రిత పదార్థాలకు సంబంధించిన ఏ చట్టాన్నైనా ఎప్పుడైనా ఉల్లంఘించారా అని. "ఒహాయో చట్టం" అని అక్కడ లేదు. 2025 డిసెంబరు నుంచి హెచ్-1బీ, హెచ్-4 (వారి కుటుంబసభ్యుల వీసా) దరఖాస్తుదారులు కూడా తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టవలసి వస్తోంది. కాబట్టి మీరు తినకపోయినా, రూమ్మేట్ మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫోటో ఒకటి ఉంటే అది కూడా చర్చలోకి వస్తుంది.

గ్రీన్ కార్డ్ దశలో వైద్య పరీక్ష ఉంటుంది. టీకాల కాగితాలు చూసిన డాక్టరు చాలా మామూలుగా మాదకద్రవ్యాల గురించి అడుగుతారు. మనకు డాక్టరంటే దాపరికం లేకుండా చెప్పుకునే మనిషి. అయితే ఆ గదిలో ఉన్నవారు ప్రభుత్వం తరఫున నివేదిక రాసే వైద్యులు. దుర్వినియోగమని వారు నిర్ధారిస్తే గ్రీన్ కార్డ్ కనీసం ఒక సంవత్సరం వెనక్కి పోయినట్టే. పౌరసత్వానికి వస్తే, రాష్ట్ర చట్టం అనుమతించినా గంజాయి వాడకం, ఆ వ్యాపారంలో ఉద్యోగం "సత్ప్రవర్తన" నిరూపణకు అడ్డు కావచ్చని ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసింది.

ఉద్యోగం అన్నమాట ఐటీ వారు జాగ్రత్తగా చదవాలి. కన్సల్టెన్సీ ఒకటి మా క్లయింటు ఒకామెను కొత్త ప్రాజెక్టుకు పంపింది. తీరా చూస్తే పని గంజాయి దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఆమె గంజాయిని కంటితో కూడా చూడలేదు. అయినా ఆ వ్యాపారానికి సహాయపడ్డారన్న వాదన వచ్చే అవకాశం ఉంది, ఇమిగ్రేషన్ చట్టంలో రవాణా, అమ్మకాలకు సంబంధించిన నిషేధం నుంచి మినహాయింపు దొరకడం మహా కష్టం. ప్రాజెక్టు మార్పించుకోమన్నాను, ఆమె మార్పించుకున్నారు. ప్రాజెక్టు ఒప్పుకునే ముందు చివరి క్లయింటు ఎవరో అడగండి.

ఇంకొక అంకె గుర్తుంచుకోండి. ఒహాయో అనుమతించే రెండున్నర ఔన్సులు అంటే దాదాపు 70 గ్రాములు. ఒకసారి, సొంత వాడకానికి, 30 గ్రాముల లోపు గంజాయి ఉంచుకున్న నేరానికి మాత్రమే దేశం నుంచి పంపివేత నుంచి ఫెడరల్ చట్టం మినహాయింపు ఇస్తుంది. అదీ ఇప్పటికే లోపల ఉన్నవారి విషయంలో. బయటికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు లెక్క వేరు. రాష్ట్రం దృష్టిలో పరిమితికి లోబడిన మనిషి, ఫెడరల్ మినహాయింపుకు రెండింతలు దాటిపోతాడు. గంజాయిని ఫెడరల్ చట్టంలోని తక్కువ తీవ్రత గల షెడ్యూలులోకి (జాబితాలోకి) మారుస్తారన్న వార్తలు చదివి ధైర్యపడవద్దు. ఏ షెడ్యూలులో ఉన్నా అది నియంత్రిత పదార్థమే, ఇమిగ్రేషన్ చట్టానికి అది చాలు.

ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి కూడా ఓటర్లు కట్టేసింది ఏమీ లేదు. పరీక్షలో గంజాయి బయటపడితే తీసివేసే హక్కు కంపెనీకి ఉంటుందని ఇష్యూ 2లోనే రాసి ఉంది. కొలరాడోలో బ్రాండన్ కోట్స్ అనే పక్షవాత బాధితుడు వైద్య అనుమతితో, పని వేళల బయట వాడినందుకు ఉద్యోగం పోగొట్టుకుంటే, ఫెడరల్ చట్టం ప్రకారం అది చట్టబద్ధం కాదు కాబట్టి కంపెనీదే సరి అని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. ఆయన పౌరుడు, ఉద్యోగంతో ఆగింది. హెచ్-1బీ వారికి ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోవడానికో దేశం విడవడానికో అరవై రోజుల గడియారం మొదలవుతుంది.

హైదరాబాద్ ప్రయాణం

సూట్‌కేసులో గమ్మీలు ఉండకూడదు. ఒక్కటి కూడా. మనవాళ్ళు "గంజాయి" అంటే ఉలిక్కిపడతారు కానీ "గమ్మీ" అంటే పిల్లల చాక్లెట్‌లా అనుకుంటారు. రంగు డబ్బా, పండ్ల రుచి చూసి బంధువుల పిల్లలకు తెచ్చిన మిఠాయిల్లో కలిపి సర్దినవారు కూడా ఉన్నారు. శంషాబాద్‌లో దిగాక వర్తించేది 1985 నాటి భారత మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్). కిలో లోపు గంజాయి కూడా ఏడాది వరకు జైలుకు దారితీస్తుంది, దేశంలోకి తేవడం విడిగా నేరం. అక్కడ నమోదైన కేసు తిరిగి ఇక్కడి వీసాను కూడా ముంచుతుంది, ఎందుకంటే ఇమిగ్రేషన్ చట్టం విదేశీ చట్టాల ఉల్లంఘనను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ప్రయాణానికి ముందు రూమ్మేట్లతో పంచుకున్న బ్యాగులు, జాకెట్ల జేబులు అన్నీ బోర్లించి చూసుకోండి.

ఇప్పటికే తీసుకుని ఉంటే

కంగారు పడవద్దు, అయితే ఈరోజుతో ఆపండి. డీఎస్-160 నింపకముందే, ప్రయాణం టికెట్ కొనకముందే ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడండి. న్యాయవాదితో చెప్పినది గోప్యంగా ఉంటుంది, కన్సల్టెన్సీ హెచ్ఆర్‌తో చెప్పినది ఉండదు. ఫారంలో అబద్ధం రాయమని నేను ఎవరికీ చెప్పను. అబద్ధం బయటపడితే అది గంజాయి కన్నా పెద్ద శిక్ష, జీవితకాలపు నిషేధం దాకా వెళుతుంది. స్టాంపింగుకు వెళ్ళకుండా ఇక్కడే స్టేటస్ మార్పుతో కొంతకాలం గడపడం మేలా, ఎప్పుడు వెళ్ళాలి అన్నది న్యాయవాది మీ వాస్తవాలు చూసి చెప్పగలరు. ఈ జవాబు కింద బహిరంగంగా "నేను రెండుసార్లు తిన్నాను" వంటి వివరాలు రాయకండి. ఎవరైనా ఇప్పటికే రాసి ఉంటే దాన్ని తొలగించే ముందు కూడా న్యాయవాదిని అడగండి.

మీ విషయంలో మీరు తీసుకున్నట్టు చెప్పలేదు కాబట్టి, ప్రస్తుతానికి చేయవలసినది తక్కువే. రూమ్మేట్ల సరుకు మీ గదిలో, మీ కారులో, మీ పేరు మీద ఉన్న ఫ్రిజ్ అరలో లేకుండా చూసుకోండి. వాళ్ళు వెళ్ళే దుకాణానికి తోడుగా కూడా వెళ్ళకండి, మీ కార్డుతో డబ్బు కట్టకండి. డిస్పెన్సరీలో వయసు చూడటానికి గుర్తింపు కార్డు అడుగుతారు, మీరు చూపించేది పాస్‌పోర్టో, వీసా గడువు రాసి ఉన్న లైసెన్సో అవుతుంది. స్టాంపింగ్ తేదీ ఖరారయ్యాక ఫారంలోని ప్రశ్నల విషయంలో సందేహం ఉంటే రాయండి, సమయం చూసుకుని జవాబిస్తాను.